శుక్రవారం దాకా

జనవరి 12

చెల్లాయ్,

ఉద్యోగం మానేశాను. డిసెంబరు ముప్ఫై ఒకటిన చివరి సంతకం పెట్టి, పనిముట్ల పెట్టె స్టోరులో అప్పజెప్పి వచ్చేశాను. ముందే చెబితే "ఇంకో నాలుగేళ్ళు ఓపిక పట్టు అన్నయ్యా" అంటావని చెప్పలేదు. ఫోన్లో చెప్పే సంగతీ కాదు. మీ వీధి కొట్లో నువ్వు ఫోన్ పట్టుకుంటే వెనక నలుగురు చెవులు రిక్కించి నిలబడతారు.

ఇరవై ఆరేళ్ళు ఒకటే పని. ఆస్పత్రుల్లో ఎక్స్‌రే మిషన్లు బిగించడం, చెడిపోతే బాగుచెయ్యడం. నెలకి ఇరవై రోజులు ఊళ్ళ మీదే. ఏ ఆస్పత్రిలో ఎన్నో మెట్టు విరిగిందో, ఏ డార్క్ రూములో ఎర్ర బల్బు ఎప్పుడూ మిణుకుమంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. మా హాల్లో నాలుగు స్విచ్చులున్నాయి, ఏది ఏ దీపానిదో మాత్రం తెలీదు. మొన్న పంచదార డబ్బా కోసం పావుగంట వెతికి, చివరికి ఉత్త కాఫీ తాగాను. పన్నెండేళ్ళుగా మా వీధికొస్తున్న పోస్టుమాన్ నన్ను చూసి, "ఆవిడ పోయాక ఇల్లు అద్దెకిచ్చేశారా? మీరెప్పుడు దిగారండీ?" అన్నాడు. నవ్వొచ్చింది. ఆయన వెళ్ళాక ఆ నవ్వు ఏమైపోయిందో తెలీదు.

మీ వదిన పోయి ఎనిమిది నెలలు. ఇన్నాళ్ళూ ఊళ్ళు తిరుగుతూనే ఉన్నాను కదా, తిరిగినంతసేపూ తను ఇంట్లోనే ఉన్నట్టుండేది. నేను బయట, తను ఇంట్లో, ఎప్పటిలాగే. తిరిగొచ్చి గుమ్మం ముందు తాళంచెవి కోసం జేబులు తడుముకున్నప్పుడే తెలిసేది. నాకు ఆ తాళం తీసే అలవాటే లేదు చూడు.

కానీ మానేసింది అందుకు కాదు. టైంటేబుల్ మొహం చూడలేక మానేశాను. మా ఆఫీసులో టూర్లు వేసే గుమస్తా, నీకు తెలుసుగా. రైళ్ళ వేళలన్నీ నోటికి చెబుతాడని ఆ పేరు పెట్టింది నేనే. ఇరవయ్యేళ్ళ స్నేహం. ఊళ్ళ మీదుండే మాకు ఇంటి కబురు ఏదైనా అతని టేబుల్ మీద ఫోన్ నుంచే రావాలి. మీ వదిన పోయిన గురువారం సాయంత్రం "వెంటనే బయల్దేరు" అని చెప్పడానికి పది నిమిషాల్లో నన్ను పట్టుకోగలిగాడు. మరి మీ వదిన సోమవారం నుంచీ మంచం మీద ఉంటే, పక్కనే ఉన్న నువ్వు ఫోన్ చేసి చెబితే, ఆ మూడు రోజులూ ఏం చేశాడు? "నాకే కబురూ రాలేదు" అంటాడు. ఐదు నెలలు కడుపులో పెట్టుకుని, అక్టోబరులో అందరి ముందూ కడిగేశాను. "నా భార్యని చంపింది నువ్వే" అన్నాను. పై ఆఫీసుకి కాగితం పెట్టాను. అతన్ని గోడౌనుకి మార్చారు. ఫిబ్రవరి పదిహేనున విచారణ.

నువ్వొక్క పని చెయ్యాలి. ఏ రోజు, ఎన్నింటికి, ఎన్నిసార్లు ఆఫీసుకి ఫోన్ చేశావో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు. అంతే చాలు.

బావని అడిగానని చెప్పు.

మీ అన్నయ్య

---

జనవరి 21

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఉద్యోగం మానేసినందుకు నేనేమీ అనను. యాభై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకా ఎక్స్‌రే తగలకుండా కట్టుకునే ఆ సీసపు ఆప్రాన్ మోసుకుని రైళ్ళెక్కుతావా? పంచదార డబ్బా పొయ్యి పక్క గూట్లో పై అరలో, పెద్ద గిన్నె వెనక ఉంటుంది. చీమల భయంతో వదిన అక్కడ దాచేది. నడిమి స్విచ్చులు రెండూ నొక్కకు, ఒకటి షాక్ కొడుతుంది.

ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు. స్కూలు యూనిఫారాలు మూడొందలు ఒప్పుకున్నాను. నిన్న ధ్యాస ఎక్కడుందో ఏమో, నలభై చొక్కాలకి రెండు చేతులూ ఎడమ చేతులే కత్తిరించి కూర్చున్నాను. మీ బావ డిపో నుంచి వచ్చి చూసి, "ఈ స్కూల్లో పిల్లలంతా ఎడమచేతి వాటమా?" అని ఒకటే నవ్వు. గుడ్డంతా మళ్ళీ కొనాలి.

నువ్వొచ్చి ఇక్కడ ఓ నెల ఉండు. మేడ మీద గది ఖాళీగానే ఉంది. ఒక్కడివీ ఆ ఇంట్లో కూర్చుంటే లేనిపోని ఆలోచనలొస్తాయి.

ఆ గుమస్తా సంగతి వదిలెయ్ అన్నయ్యా. ఇప్పుడు ఏం రాసి ఏం లాభం? వదిన తిరిగి రాదు. ఆయనకీ ఓ కుటుంబం ఉంటుంది కదా. గోడౌనులో ఏం పని చేయిస్తున్నారు? పెట్టెలు మోయిస్తున్నారా?

నీ చెల్లెలు

---

జనవరి 30

చెల్లాయ్,

పంచదార దొరికింది. షాకూ కొట్టింది, నీ ఉత్తరం రాకముందే.

కాగితం పంపమంటే పంచదార గురించి రాశావు. నా మాట నీకు సరిగా అర్థం కాలేదనుకుంటాను. వదిన తిరిగి రాదని నాకు తెలుసు. అది కాదు నేనడిగేది.

ఆ వారం నేనెక్కడున్నానో నీకెప్పుడూ చెప్పలేదు. కొండ వాలున ఉండే చిన్న ఆస్పత్రి. పాత మిషన్‌కి ట్యూబు మార్చాలి. నిజానికి రెండు రోజుల పని. కానీ అక్కడి వంటమనిషి వేడివేడిగా వడ్డించేవాడు, కిటికీలోంచి చల్లటి గాలి, పెద్ద డాక్టరు సాయంత్రమయితే చదరంగానికి పిలిచేవాడు. మొదటిరోజు కేబుళ్ళు లాగాను, రెండోరోజు నూనె మార్చాను. బుధవారం మధ్యాహ్నానికే అయిపోయింది. "శుక్రవారం దాకా పడుతుంది" అని ముందే రాయించాను కదా అని, నట్లన్నీ మళ్ళీ విప్పి బిగిస్తూ కూర్చున్నాను. ఫోను నాకు ఇరవై అడుగుల దూరంలో, డాక్టరు బల్ల మీదే ఉంది. మోగిందంటే చాలు, నాలుగు గంటల్లో ఇంట్లో ఉండేవాణ్ణి. ఇది ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నాను. ఆ ఫోను మోగనివ్వని మనిషి ఎవరో తేలాలి. తేలకపోతే నేను ఆ చదరంగం బల్ల ముందు నుంచి లేవలేను.

మొన్న ఆదివారం అతను వచ్చాడు. తలుపు తట్టి, "ఒక్కమాట వినవయ్యా" అన్నాడు. నేను కుర్చీలోంచి కదల్లేదు. చాలాసేపు నిలబడ్డాడు. చెప్పుల చప్పుడు మెట్లు దిగడం విన్నాను. తప్పు లేనివాడైతే ఆ రోజు అంతమంది ముందు నేను తిడుతుంటే తల దించుకుని ఎందుకు పడతాడు, చెప్పు?

కాగితం పదో తారీఖులోపు నాకందాలి.

అన్నయ్య

---

ఫిబ్రవరి 5

అన్నయ్యా,

నేను సంతకం పెట్టలేను. కారణం అడక్కు.

నువ్వు ఆ కొండ మీద ఆస్పత్రి గురించి రాసింది చదివి మిషన్ ఆపేసి కూర్చున్నాను. బుధవారమే అయిపోయిందా! ఎందుకు రాశావు అన్నయ్యా నాకు ఆ ముక్క.

తల దించుకున్నవాళ్ళంతా తప్పు చేసినవాళ్ళు కారు. విచారణకి వెళ్ళకు. లేదా వెళ్ళి, నాకేమీ గుర్తులేదు, కోపంలో అన్నానని చెప్పి వచ్చెయ్. నా మాట ఈ ఒక్కసారి విను.

మీ బావకి ఇవేమీ చెప్పలేదు. ఉత్తరం ఆయనకి కనపడేలా రాయకు.

చెల్లి

---

ఫిబ్రవరి 9

నీ ఉత్తరం అందింది.

బావకి తెలియకూడదా? ఇప్పుడర్థమైంది. విచారణలు, సాక్ష్యాలు అంటే మీ ఇంట్లో భయం. ఎక్కడో నలుగురి ముందు నీ పేరు చదువుతారని భయం. అంతేకదా.

మీ వదిన నిన్ను కూతురిలా చూసుకుంది. నీ పెళ్ళికి ముందు మూడేళ్ళు మా ఇంట్లోనే ఉండి కుట్టు నేర్చుకున్నావు. నీ మొదటి మిషన్ తను కొనిపెట్టింది. ఆమె కోసం నాలుగు గీతల సంతకం బరువైపోయింది నీకు. చివరి రోజుల్లో నువ్వు చేసిన సేవకి నీ కాళ్ళకి మొక్కాలనుకున్నాను. ఇప్పుడు ఆ సేవ కూడా ఎంత మనసుపెట్టి చేశావో అని అనుమానం వస్తోంది.

నువ్వు రాయకపోతే పోనీ. మా చెల్లెలు నాతో స్వయంగా చెప్పింది అని నేనే రాసిస్తాను. నిన్ను పిలిచి అడిగితే అప్పుడు నీ ఇష్టం.

---

ఫిబ్రవరి 11

అన్నయ్యా,

ఇది అర్జంటు పోస్టులో వేస్తున్నాను. పదిహేనులోపు చేరితే చాలు.

నేను ఆఫీసుకి ఫోన్ చెయ్యలేదు. సోమవారం చెయ్యలేదు, మంగళవారం చెయ్యలేదు, బుధవారమూ చెయ్యలేదు. ఆయనకి కబురు రాలేదన్నది నిజం.

ఆ గురువారం రాత్రి నువ్వు గుమ్మంలో సంచీ కింద పడేసి, "ఎందుకే కబురు చెయ్యలేదు?" అని అరిచావు. నీ కళ్ళు చూశాను. "చేశాను అన్నయ్యా" అని నోట్లోంచి వచ్చేసింది. తర్వాత చెబుదాం, తర్వాత చెబుదాం అనుకున్నాను. నువ్వు మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. సర్దుకుపోయిందనుకున్నాను. ఒక మనిషి ఉద్యోగం మీదికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఎందుకు చెయ్యలేదంటే, వదిన వద్దంది. మంగళవారం డాక్టరమ్మ వచ్చి మందు మార్చింది. రెండు రోజుల్లో ఆయాసం తగ్గకపోతే ఆస్పత్రిలో చేర్పిద్దాం అంది. ఆవిడ అటు వెళ్ళగానే నేను పై అంతస్తు లెక్కల మేష్టారింటికి వెళ్ళి ఆఫీసుకి ఫోన్ చేద్దామని లేచాను. వదిన నా కొంగు పట్టుకుంది. "వద్దమ్మాయ్. ఆయన పని మీదున్నాడు. శుక్రవారం ఎలాగూ వస్తాడు" అంది. నేను వినకపోతే అప్పుడు చెప్పింది.

తొమ్మిదేళ్ళ కిందట తనకి జ్వరం తలకెక్కితే నిన్ను పిలిపించింది, గుర్తుందా? మిషన్ విప్పేసి ఉన్నది ఉన్నట్టు వదిలి వచ్చావు. వచ్చేసరికి జ్వరం దిగి, తను లేచి కూర్చుని ఉంది. "ఈ మాత్రం దానికా పిలిపించావు?" అన్నావట. తర్వాత వారం, అన్నం తింటూ చెప్పావట. ఆ మిషన్ విప్పి ఉండటం వల్ల, కప్పు మీంచి పడ్డ మనిషినొకణ్ణి వేరే ఊరికి పంపారని, అతను దారిలోనే పోయాడని. నువ్వు తనని ఏమీ అనలేదట. చెప్పి, చెయ్యి కడుక్కుని లేచావట.

"ఆ మనిషికి పెళ్ళాం ఉందో లేదో కూడా నేను అడగలేదమ్మాయ్. ఆ రోజు నుంచీ మీ అన్నయ్యని పని మధ్యలో పిలవకూడదని అనుకున్నాను" అంది వదిన. ఏడుస్తూ అనలేదు. మామూలుగా, ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.

ఇది నీకు చెప్పకూడదనే ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నాను. ఆయన మీద కాగితం వెనక్కి తీసుకో. నన్ను ఏమైనా అను.

చెల్లి

---

మార్చి 14

అన్నయ్యా,

నెల దాటింది. ఒక్క ముక్క రాయి. తిట్టయినా రాయి.

లెక్కల మేష్టారింటికి ఫోన్ చేస్తే, ఇంటికి తాళం ఉంది, ఎటు వెళ్ళాడో తెలీదన్నారు. మీ బావకి అన్నీ చెప్పేశాను. ఆయన డిపోకి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "నువ్వు వెళ్ళి కనుక్కుని రాకూడదూ" అన్నాడు. బయల్దేరి మీ ఊరి బస్టాండు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాను. ఈపాటికి తిరిగొచ్చి ఉన్నా, నువ్వు తలుపు తియ్యకుండా కుర్చీలో కూర్చుంటావేమోనని భయం.

చెల్లి

---

ఏప్రిల్ 4

చెల్లాయ్,

నీ ఉత్తరాలు రెండూ నా ముందున్నాయి. కోపంతో రాయకపోవడం కాదు. నిన్ను ఏదో అనాలని కలం పట్టుకుంటే ప్రతి మాటా తిరిగి నాకే తగిలేది. అందుకని పెట్టేసేవాణ్ణి. ఫిబ్రవరి తొమ్మిదిన రాసిన ఉత్తరం చించెయ్. నీ సేవని అనుమానించిన నోరు ఏమైనా బాగుపడుతుందా.

నీ అర్జంటు ఉత్తరం పద్నాలుగున అందింది. మర్నాడు వెళ్ళి, నా ఫిర్యాదు తప్పు, మా ఇంటి నుంచి కబురే వెళ్ళలేదు అని రాసిచ్చాను. విచారణ చేసేవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "ఇప్పుడెందుకండీ, ఆయన పదో తారీఖునే రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయారు" అన్నారు. ఐదు రోజులు. నేను నీకు ఆ పాపిష్టి ఉత్తరం రాసిన మర్నాడే అతను వెళ్ళిపోయాడన్నమాట.

కూతురింట్లో ఉన్నాడని తెలిసి రైలెక్కాను. పనిముట్ల పెట్టె లేకుండా రైలెక్కడం ఇరవై ఆరేళ్ళలో అదే మొదటిసారి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ అమ్మాయి తలుపు తీసి, నన్ను గుర్తుపట్టి, లోపలికి రమ్మనకుండానే వెళ్ళిపోయింది. అతనే వచ్చి "రా" అన్నాడు. మనిషి సగమయ్యాడు. కుర్చీ చూపించాడు. నేను కూర్చోకుండానే అంతా చెప్పేశాను. నీ మాట, వదిన మాట, అన్నీ.

చివరిదాకా విన్నాడు. అప్పుడు చెప్పాడు.

"ఆ సోమవారం పొద్దున మీ ఆవిడ నాకు ఫోన్ చేసింది. మేడ మెట్లెక్కి వచ్చినట్టుంది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. ఏ రోజుకి వస్తారండీ అని అడిగింది. శుక్రవారం అన్నాను. ఏమైనా చెప్పమంటారా అన్నాను. ఏం లేదండీ, ఊరికే అడిగాను, ఆయనకి చెప్పకండి అంది. నేను ఆ ఆయాసం విన్నాను. విని కూడా, నాకెందుకు అని ఊరుకున్నాను. కబురు రాలేదన్న మాట నిజమే. కానీ నేను విన్నాను. అందుకే నువ్వు తిడుతుంటే పడ్డాను. ఆదివారం వచ్చింది అది చెబుదామనే."

నేను అతని చేతులు పట్టుకోబోయాను. వెనక్కి తీసుకున్నాడు. "అన్నది అందరి ముందూ కదా, ఇప్పుడు నాలుగు గోడల మధ్య నాకొక్కడికీ చెబితే ఎలా?" అన్నాడు. కోపంగా కాదు. లెక్క సరిచూసినట్టు.

అతనన్నది న్యాయం. తిరిగొచ్చాక వచ్చిన సోమవారం ఆఫీసుకి వెళ్ళాను. భోజనాల వేళ అందరూ కూర్చున్నప్పుడు లేచి నిలబడి, నేను అక్టోబరులో అన్నది అబద్ధమని, అతను నిప్పులాంటి మనిషని చెప్పాను. పదకొండు మంది ఉన్నారు. ఆ రోజు విన్నవాళ్ళు అందులో నలుగురే. మిగతావాళ్ళు బదిలీ మీద కొత్తగా వచ్చారు. చివర టైపు చేసే అమ్మాయి పక్కామెని "ఎవరి గురించండీ?" అని మెల్లగా అడగడం వినపడింది. చెప్పాల్సినంతా చెప్పి, ఏం చెప్పానో అతనికి రాసి పంపాను. జవాబు రాలేదు. వస్తుందనీ అనుకోవడం లేదు. ఇరవయ్యేళ్ళు ఏ ఊళ్ళో దిగినా ముందు అతనికే ఫోన్ చేసేవాణ్ణి, చేరానని. ఇప్పుడు ఎక్కడికి చేరినా చెప్పడానికి ఎవరూ లేరు.

ఇంక మీ వదిన సంగతి. "ఈ మాత్రం దానికా పిలిపించావు?" అన్న మాట నేనన్నట్టు నాకు గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా దొరకడం లేదు. ఆ ఊరు గుర్తుంది. ఆ మిషన్ మీది నంబరు గుర్తుంది. విప్పి బల్ల కింద పెట్టిన కేబుల్ చుట్ట గుర్తుంది. నా పెళ్ళాంతో అన్న మాట గుర్తులేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏం చేశానని ఎవరైనా అడిగితే ఇప్పుడు ఇదే చెప్పాలి.

మనిషి లోపల ఏముందో చూపించే మిషన్లు అంతమందికి బాగుచేసి పెట్టాను అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నవ్వుకో.

ఒక్కటి మాత్రం తేలిపోయింది. ఆమె నన్ను వద్దనుకుంది. వద్దనిపించుకున్నది నేనే. ఫోను ఎవరూ ఆపలేదు, మోగాల్సిన అవసరమే లేకపోయింది. అది ఒప్పుకున్నాక రోజులు ఒక రకంగా గడుస్తున్నాయి. పొద్దున లేచి, నన్ను రమ్మనని ఇంట్లో కాఫీ కాచుకుంటున్నాను.

నీ మీద కోపం లేదు. ఒకటే అడుగుతున్నాను. ఆ నాలుగు రోజులూ నాకు రాయి. ఏం తింది, ఏం మాట్లాడింది, ఎటు తిరిగి పడుకుంది. నాకు నొప్పి కలుగుతుందని ఏదీ దాచకు. నేను ఇంట్లో లేని రోజులు వేలకొద్దీ ఉన్నాయి. అందులో ఈ నాలుగూ అయినా నాకియ్యి.

అన్నయ్య

---

ఏప్రిల్ 12

అన్నయ్యా,

రాస్తున్నాను. మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను, అందుకని ఇవాళ మిషన్ మీద గుడ్డ కప్పేసి కూర్చున్నాను.

సోమవారం మధ్యాహ్నం, ఊరికే చూసి పోదామని నేను వచ్చేసరికి వదినే తలుపు తీసింది. తలుపు పట్టుకుని నిలబడి, మాట రాక, ముందు నవ్వింది. "మేడ మీదికి వెళ్ళొచ్చానమ్మాయ్, అదీ సంగతి" అంది. ఎందుకెళ్ళిందో నాకు చెప్పలేదు. నీ ఉత్తరంలో చదివాకే తెలిసింది. సాయంత్రం రెండు ముద్దలు తింది. పడుకుంటే ఊపిరాడటం లేదని గోడకి దిండ్లు పెట్టించుకుని కూర్చునే కునుకు తీసింది.

మంగళవారం సంగతి నీకు తెలుసు.

బుధవారం బాగా మాట్లాడింది. అంతా నీ గురించే. నువ్వు తిరిగిన ఊళ్ళన్నీ తనకొచ్చు అన్నయ్యా. ఏ ఆస్పత్రిలో వార్డు ఆయా పాటలు పాడుతుందో, ఎక్కడ పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్ తలకిందులుగా పట్టుకుని చూశాడో, అన్నీ నీ గొంతు పెట్టి చెప్పింది. నవ్వలేక నవ్వుతుంటే దగ్గొచ్చింది. "ఒక్కసారైనా నన్నూ తీసుకెళ్ళమని అడగలేకపోయావా వదినా?" అన్నాను. "అడిగాను. నేను పనిలో ఉంటే అక్కడ నువ్వేం చేస్తావ్ అన్నాడు. నిజమేగా, నేనేం చేస్తాను" అంది. మళ్ళీ తనే, "కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని" అంది.

కిటికీ వైపు తిరిగి పడుకునేది. వీధిలో ఆటో ఆగితే కళ్ళు తెరిచేది.

గురువారం పొద్దున ఆయాసం తగ్గినట్టే అనిపించింది. అరగ్లాసు పాలు తాగింది. తల దువ్వమంది. దువ్వి జడ వేశాను. నీ నీలం చొక్కాకి గుండీ ఊడిందని చెప్పి నా చేత కుట్టించింది. అది బీరువాలో రెండో అరలో ఉంటుంది, చూడు.

ఇంక ఇక్కడి నుంచి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీ బావకి అన్నీ చెప్పానని రాశాను కదా, ఇది చెప్పలేదు.

రెండు గంటలప్పుడు నేను కంచంలో అన్నం పెట్టుకుని కూర్చున్నాను. గదిలోంచి వదిన పిలిచింది. వెళ్ళాను. "ఆఫీసుకి ఫోన్ చెయ్యి. ఆయన్ని రమ్మను" అంది.

"రేపే కదా శుక్రవారం, పని ముగించుకుని వచ్చేస్తాడు కదా వదినా" అన్నాను.

"పని అయిందా లేదా అడక్కు. రమ్మను" అంది.

సరేనన్నాను. కానీ అన్నయ్యా, నాకు ఆకలిగా ఉంది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. పొద్దున బాగానే ఉంది కదా, ఒక్క పదినిమిషాలకి ఏమవుతుందిలే అనుకున్నాను. వెళ్ళి అన్నం తిన్నాను. కంచం కడిగాను కూడా. అప్పుడు చెప్పులేసుకుని మేడ మీదికి వెళ్తే మేష్టారు ట్యూషన్లు చెప్పడానికి వెళ్ళారు, తాళం. వీధి చివర మందుల షాపుకి పరుగెత్తాను. మూడుసార్లు చేశాను. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. భోజనాల వేళ కదా. ఒక పావుగంట ఆగి చేద్దామని ఇంటికొచ్చాను.

వదిన దిండు మీంచి కొంచెం పక్కకి ఒరిగి ఉంది. మొహం తలుపు వైపు ఉంది. పిలిచాను. మళ్ళీ పిలిచాను.

అన్నం తినకుండా వెంటనే వెళ్ళి ఉంటే ఆ వేళకి తిరిగొచ్చి పక్కనే ఉండేదాన్ని. చెయ్యి పట్టుకునేదాన్ని. ఒక్కతీ పోయింది. సాయంత్రం మేష్టారు వచ్చాకే మీ ఆఫీసుకి ఫోన్ వెళ్ళింది.

ఫిబ్రవరిలో నీకు రాసినప్పుడు ఈ సంగతి దగ్గరికొచ్చి ఆగిపోయాను. వదిన పిలవమంది అని రాస్తే, మరి నువ్వేం చేశావే అని అడుగుతావు. ఆ అన్నం గురించి రాయాల్సి వస్తుంది. అందుకని, వద్దంది అన్నంత వరకే రాసి ఊరుకున్నాను. నన్ను నేను దాచుకోవడానికి, ఆమె నిన్ను వద్దనుకున్నట్టు నీకు రాశాను. నువ్వు దాన్ని నమ్మి, దానితోనే బతకడం మొదలుపెట్టావని చదివాక ఇంక నావల్ల కాలేదు.

ఆమె నిన్ను వద్దనుకోలేదు అన్నయ్యా. మూడు రోజులు బిగబట్టుకుంది. నాలుగోరోజు నిన్ను రమ్మంది. ఆ మాట ఆ మధ్యాహ్నమే నీకు చేరాల్సింది. పదకొండు నెలలు నా దగ్గర ఉండిపోయింది.

చెల్లి